చెరువు గట్టు మీద పుట్టే లాట్ నంబరు: ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ కేస్ స్టడీ

రైతు కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో లెక్కపెట్టి అమ్ముతాడు. అమెరికాలో కొనేవాళ్లు తల తీసిన రొయ్యలు పౌనుకు ఎన్ని వస్తాయో చూసి కొంటారు. నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్న కంపెనీ లాభమైనా నష్టమైనా ఈ రెండు లెక్కల మధ్యనే తేలేది.

భీమవరం చుట్టుపక్కల వాళ్లకు కౌంట్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు, ఒక్కోటి 25 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. తల తీస్తే బరువులో మూడో వంతుకు పైగా పోతుంది. మిగిలేది 65 శాతం అనుకుంటే 25 గ్రాముల రొయ్య 16 గ్రాములవుతుంది. పౌను అంటే 453 గ్రాములు కాబట్టి పౌనుకు 28 వస్తాయి. ఎగుమతిలో దీన్ని 26/30 గ్రేడు అంటారు. అదే చెరువులో రొయ్యను 45 కౌంట్ దగ్గరే పట్టేశారనుకోండి. ఒక్కోటి 22 గ్రాములు, తల తీస్తే 14 పైచిలుకు, పౌనుకు 31 వస్తాయి. అంటే సరుకు 31/40 గ్రేడుకు జారిపోయింది. రైతుకు అది ఐదు కౌంట్ల తేడా. 26/30 ఇస్తామని సంతకం పెట్టిన మాకు అది ఆ కంటైనర్‌కు పనికిరాని సరుకు.

కంపెనీ పేరు రాయడం లేదు. మధ్యతరహా ఎగుమతిదారు. సొంత ప్రాసెసింగ్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ ఉన్నాయి. సొంత హేచరీ (రొయ్య పిల్లలు పుట్టించే చోటు), ఫీడ్ మిల్లు, చెరువులు లేవు. సరుకంతా ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల రైతుల దగ్గర నుంచి, ఏజెంట్ల ద్వారా వచ్చేది. నేను కొనుగోళ్ల విభాగంలో చేరి, తర్వాత సప్లై చైన్ మొత్తం చూశాను. డిజిటల్ మార్పు పేరుతో ఆ కంపెనీలో రెండుసార్లు ప్రయత్నం జరిగింది. మొదటిది ఎందుకు ఫలించలేదో, రెండోది ఎందుకు ఫలించిందో ఇక్కడ రాస్తున్నాను.

బూమ్ కప్పేసిన లోపాలు

మన దేశంలో వెనామీ రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు టైగర్ రొయ్య ఉండేది. తొంభైల మధ్యలో వైట్‌స్పాట్ వైరస్ దాన్ని ఎలా ఊడ్చేసిందో కోస్తా రైతులు ఇప్పటికీ మర్చిపోలేదు. వ్యాధుల్లేని తల్లి రొయ్యల నుంచి తీసిన వెనామీ సీడ్, అంటే రొయ్య పిల్లలు, వచ్చాక సాగు మళ్లీ లేచింది, ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2024-25లో భారత సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఫ్రోజెన్ రొయ్యదే, ఆ ఏడాది దాన్ని ఎక్కువగా కొన్నది అమెరికానే.

ఇంత వేగంగా పెరిగే వ్యాపారంలో తప్పులు బయటపడవు. డిమాండ్ ఉన్నంతకాలం 31/40 బదులు 41/50 వచ్చినా ఎవరో ఒకరు కొనేవాళ్లు. ఆర్డర్ లేని గ్రేడు మైనస్ 18 డిగ్రీల గదిలో నెలల తరబడి కూర్చునేది. దాని మీద బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉండేది. కరెంటు బిల్లు కూడా దానిదే. ఏటా చివర్లో ఆ సరుకును తక్కువ ధరకు వదిలించుకునేవాళ్లం. దాన్ని "మార్కెట్ బాగాలేదు" అని లెక్కల్లో రాసుకునేవాళ్లం. మార్కెట్ బాగానే ఉండేది. ఏ చెరువులో ఏ సైజు రొయ్య ఏ రోజు బయటికొస్తుందో తెలియకుండా అమ్మకాలకు సంతకాలు పెట్టడమే మా సమస్య.

మొదటి ప్రయత్నం

కంపెనీ ఒక ఈఆర్‌పీ, అంటే కంపెనీ పనులన్నీ ఒకేచోట నమోదు చేసే సాఫ్ట్‌వేర్, కొన్నది. గేటు దగ్గర వ్యాను తూకం నుంచి కంటైనర్ సీలు దాకా అన్నీ అందులోకి ఎక్కాలన్నారు. ఎక్కాయి కూడా. కంప్యూటర్లు వచ్చాయి, ట్రైనింగ్ ఇచ్చారు, రిపోర్టులు రంగుల్లో వచ్చాయి. ఏడాది గడిచాక చూస్తే కోల్డ్ స్టోరేజీలో అదే వద్దన్న గ్రేడు, రైతుతో అవే కౌంట్ తగాదాలు.

రాత్రి షిఫ్టులో నేను కూర్చుని చూస్తే కారణం అర్థమైంది. ఒకే వ్యానులో రెండు చెరువుల సరుకు వచ్చేది. దించే తొందరలో రెండూ ఒకే తొట్టిలో పడేవి. సూపర్‌వైజర్ రిజిస్టర్‌లో "నైట్-2" అని రాసుకునేవాడు. పొద్దున ఆపరేటర్ వచ్చి దాన్ని కంప్యూటర్‌లో ఒక లాట్‌గా, అంటే ఒకే నంబరు కింద లెక్కించే సరుకుగా, ఎక్కించేవాడు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఆ లాట్ నంబరు వెనక చెరువు మాత్రం లేదు.

దానికన్నా పెద్ద లోపం ఇంకొకటి. వ్యాను గేటు దగ్గరికి వచ్చేసరికి ముఖ్యమైన నిర్ణయాలన్నీ అయిపోయి ఉండేవి. ఏ చెరువు, ఏ రోజు, ఏ కౌంట్, ఏ ధర అన్నవి గట్టు మీద ఏజెంటు, రైతు మాట్లాడుకున్నప్పుడే తేలిపోయేవి. మేము కొన్న సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత మొదలయ్యేది. అందుకే అది జరిగినదాన్ని రాసిపెట్టింది, జరగబోయేదాన్ని మార్చలేకపోయింది.

కళ్లు తెరిపించింది ఒక కంటైనర్. విదేశీ రేవులో తీసిన శాంపిల్‌లో నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషం దొరికింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల విషయంలో కొనే దేశాలు ఏ మాత్రం సడలింపు ఇవ్వవు. కొనుగోలుదారు రెండు ప్రశ్నలు అడిగారు. ఇది ఏ చెరువుది? ఆ చెరువు సరుకు ఇంకా ఏయే కార్టన్లలో ఉంది? మేము రెండు రోజులు రిజిస్టర్లు తిరగేశాం. చివరికి చెప్పగలిగింది ఒక్కటే: ఈ తొమ్మిది చెరువుల్లో ఏదో ఒకటి. దాంతో తొమ్మిది చెరువుల సరుకంతా ఆపాల్సి వచ్చింది. ఎనిమిది మంది రైతుల తప్పేమీ లేదు, వాళ్లకు డబ్బు ఆలస్యమైంది. వాళ్లలో ఒకాయన ఆఫీసుకు వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మా చెరువుది కాదని మీకు తెలుసు కదండీ, మరి కాగితం మీద ఎందుకు చూపించలేకపోతున్నారండీ?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఈ పనిలో నన్ను ముందుకు నెట్టింది ఆ ప్రశ్నే.

గట్టు మీద మొదలుపెట్టడం

రెండో ప్రయత్నానికి ఒకే నియమం పెట్టుకున్నాం. లాట్ నంబరు చెరువు గట్టు మీదే పుట్టాలి, కార్టన్ మీద ప్రింటయ్యేదాకా అదే ఉండాలి. ఒక చెరువు, ఒక పట్టుబడి (చెరువులో రొయ్య పట్టడం), ఒక లాట్. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా చెరువుకు ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరుకు పట్టుబడి తేదీ కలిపితే లాట్ నంబరు తయారు. ప్రతి టబ్బుకూ క్యూఆర్ ట్యాగు. తూకం యంత్రం బ్లూటూత్‌తో ఫీల్డ్ స్టాఫ్ ఫోనుకు కలుస్తుంది కాబట్టి బరువు ఎవరూ టైపు చేయరు. చెరువుల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రమే. అందుకని నెట్ లేకపోయినా యాప్ పనిచేసి, వ్యాను రోడ్డెక్కాక డేటా పంపేలా పెట్టించాం. ఈ చిన్న విషయం ముందే అడగకపోయి ఉంటే మొత్తం పని మొదటి వారంలోనే మూలపడేది.

సాంకేతికంగా ఇందులో గొప్పేమీ లేదు. కష్టమంతా కౌంట్ దగ్గర వచ్చింది.

అప్పటిదాకా కౌంట్ రెండుసార్లు తీసేవాళ్లు. గట్టు మీద ఒకసారి, ప్లాంటులో దించాక ఇంకోసారి. డబ్బు ప్లాంటు కౌంట్ మీద ఇచ్చేవాళ్లు. "గట్టు మీద 48 అన్నది మీ ప్లాంటుకెళ్లేసరికి 51 ఎలా అయిపోద్దండీ?" అన్న మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. రైతు మమ్మల్ని దొంగలనుకునేవాడు. మావాళ్లు రైతు శాంపిల్‌లో పెద్ద రొయ్యలు ఏరి వేశాడనుకునేవాళ్లు. ఎవరిది నిజమో తేల్చే దారి లేదు.

మేము ధరను గట్టు కౌంట్‌కే కట్టేశాం. మూడుచోట్ల నుంచి శాంపిల్ తీసి, రైతు ఎదుటే లెక్కపెట్టి, ఫోనులో ఫొటో తీస్తాం. కౌంట్, బరువు, ధర తెలుగులో రైతుకు మెసేజ్ వెళ్లిపోతుంది. ఆ తర్వాత దారిలో ఏం జరిగినా ఆ నష్టం కంపెనీది. మా అకౌంట్స్ విభాగం గట్టిగా అభ్యంతరం చెప్పింది. మొదటి కొన్ని వారాలు నిజంగానే నష్టం వచ్చింది, ప్లాంటు కౌంట్ పెరుగుతూనే ఉంది.

నష్టం మనది అయ్యాక దాని కారణం వెతకాలనిపిస్తుంది. ట్యాగుల ఆధారంగా టబ్బు టబ్బుకూ చూస్తే, తేడా దాదాపు అంతా చివర్లో నింపిన టబ్బుల్లోనే ఉంది. కారణం ఐసు. పట్టుబడి అనుకున్నదానికన్నా ఎక్కువ రావడంతో తెచ్చిన ఐసు దిమ్మలు సగంలోనే అయిపోయేవి. చివరి టబ్బుల్లో ఐసు పలచబడి, రొయ్య నీరు కారి బరువు తగ్గేది. ఏళ్ల తరబడి రైతుతో పోట్లాడినదంతా ఐసు కోసమన్నమాట! పట్టుబడి అంచనా ప్రకారం ఐసు ముందే పంపడం మొదలుపెట్టాక కౌంట్ తేడా మామూలు స్థాయికి వచ్చింది. రొయ్య నాణ్యత పెరిగింది, తల దగ్గర నల్లబడటం తగ్గింది. ఈ కేసు మొత్తంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే నేను ఇదే ఎంచుకుంటాను. యాప్ రాకముందు కూడా ఐసు అయిపోయే సంగతి కూలీలకు తెలుసు. నష్టం తనది కానంతకాలం కంపెనీ వాళ్లను అడగలేదు.

తిథుల క్యాలెండర్

రొయ్య పెరగాలంటే పాత పెంకు విడవాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఇది ఎక్కువగా జరుగుతుందని మన రైతులందరికీ తెలుసు. ఆ రోజుల్లో రొయ్య మెత్తగా ఉంటుంది, ధర పోతుంది, కాబట్టి పట్టుబడి పెట్టరు. తప్పనిసరై పెడితే సాఫ్ట్ కింద కోత పడుతుంది.

సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ప్లాంటు సామర్థ్యాన్ని 30 రోజులకు సమానంగా పరిచి ప్లాన్ వేశారు. సరుకు అలా రాదు. నెలకు రెండు అలల్లా వస్తుంది. అల వచ్చినప్పుడు ప్లాంటు గేటు బయట వ్యాన్లు క్యూ కడతాయి. అల తగ్గినప్పుడు లైన్లు ఖాళీగా ఉంటాయి. యాప్‌లో తిథులు పెట్టించమని అడిగాను. మొదట వాళ్లకు అర్థం కాలేదు. రెండు సీజన్ల పట్టుబడి తేదీలు తీసి తిథుల పక్కన పెట్టి చూపించాక వెంటనే ఒప్పుకున్నారు.

దాంతో ఉత్పత్తి ప్రణాళిక మారింది. అల రోజుల్లో త్వరగా అయ్యే పనులు పెట్టాం: తల తీసి పెంకుతోనే గడ్డకట్టించే రకాలు. చేతి పని ఎక్కువ పట్టే రకాలు, అంటే పెంకు ఒలిచి, నరం తీసి, తోక ఉంచి చేసేవి, అల తగ్గిన రోజుల్లో, పెంకు గట్టిగా ఉందని ముందే చూసుకున్న చెరువుల సరుకుతో చేశాం. కిలోకు ఎక్కువ మిగిలేది ఈ రెండో రకాల్లోనే. కొత్త యంత్రం ఏదీ కొనకుండానే వాటి వాటా పెంచుకోగలిగాం.

పీలింగ్ షెడ్డులో పనిచేసే మహిళల సంగతి ఇక్కడే చెప్పాలి. ముందైతే సరుకు ఎప్పుడొస్తుందో తెలియక రాత్రి పదింటికి వాళ్ల ఊరికి బస్సు పంపేవాళ్లం. కొన్నిసార్లు వాళ్లు వచ్చి మూడు గంటలు ఊరికే కూర్చునేవాళ్లు, ఆ సమయానికి కూలి లేదు, ఎందుకంటే లెక్క కిలోల మీద. అంచనా కుదిరాక ముందురోజు సాయంత్రమే షిఫ్టు చెప్పడం మొదలుపెట్టాం. చదవలేనివాళ్లకు వాయిస్ మెసేజ్. సరుకు ఆలస్యమైతే కూర్చున్న సమయానికి కూడా కూలి ఇవ్వాలని పట్టుబట్టి సాధించాం. బోర్డుకు ఇచ్చిన ప్రెజెంటేషన్‌లో ఈ విషయానికి ఒక్క లైనే దొరికింది. నా దృష్టిలో అది మొదటి పేజీలో ఉండాల్సిన విషయం.

ముందు చెరువు, తర్వాత సంతకం

ఇప్పుడు అసలు వ్యూహం. అప్పటిదాకా సేల్స్ టీమ్ ఆర్డర్ తెచ్చేది, కొనుగోళ్ల వాళ్లు ఆ గ్రేడు కోసం జిల్లాలన్నీ తిరిగేవాళ్లు. అవసరంలో ఉన్నామని వాట్సాప్ గ్రూపుల్లో క్షణాల్లో తెలిసిపోయేది, ధర పెరిగేది. మేము దీన్ని తిరగేశాం.

మాతో నమోదైన చెరువుల్లో వారానికోసారి ఫీల్డ్ స్టాఫ్ విసురు వలతో శాంప్లింగ్ చేసి సగటు బరువు ఎక్కిస్తారు. పట్టుబడికి దగ్గరపడిన దశలో వెనామీ మామూలుగా వారానికి ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు పెరుగుతుంది. దాన్ని బట్టి మూడు వారాల్లో ఏ గ్రేడు ఎంత వస్తుందో ప్రతి శనివారం ఒక పట్టిక తయారవుతుంది. సేల్స్ వాళ్లు ఆ పట్టిక చూసి అమ్ముతారు. అంచనా తప్పడం సహజం. వైట్‌స్పాట్ వస్తే, తుఫాను హెచ్చరిక వస్తే రైతులు ఉన్నపళంగా పట్టేస్తారు. అందుకని పట్టికలో కొంత భాగాన్నే అమ్మి, మిగతాది చేతిలో ఉంచుకునేవాళ్లం.

దీని నుంచి ఇంకో అవకాశం పుట్టింది. 45 కౌంట్ రొయ్య వారం ఆగితే 24 గ్రాములకు వస్తుంది. తల తీస్తే పౌనుకు 29, అంటే 26/30 గ్రేడు. ఆ వారం ఆగడం మాకు లాభం. రైతుకు మాత్రం టెన్షన్: వ్యాధి రావచ్చు, ధర పడిపోవచ్చు, మేత ఖర్చు, రాత్రంతా నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు. లాభం మాది, రిస్కు ఆయనది అయితే ఆయన ఎందుకు ఆగాలి? అందుకని ఆ వారానికి కనీస ధర హామీ రాసిచ్చాం. ధర పెరిగితే పెరిగిన ధర, పడితే హామీ ధర. మధ్యలో రోగం వచ్చి ముందే పట్టాల్సి వస్తే, ఆ రోజు కౌంట్‌కు ముందు అనుకున్న ధరే. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారు.

ఆర్డర్ లేని గ్రేడు కోల్డ్ స్టోరేజీలో నిల్వ పడటం తగ్గింది, దాంతోపాటు వడ్డీ భారం తగ్గింది. అంతకుముందు మాకు దొరికేవి ఒక్కో కంటైనర్ ఆర్డర్లే. చెప్పిన గ్రేడు చెప్పిన వారానికి ఇవ్వడం మొదలయ్యాక ఏడాది పొడవునా సరఫరా చేసే ఒప్పందాలు దొరికాయి. రెండో ఐక్యూఎఫ్ లైను (రొయ్యలను దేనికది విడిగా గడ్డకట్టించేది) పెట్టడానికి బ్యాంకు ముందుకొచ్చింది ఆ ఒప్పందాలు చూసే.

ఇక ట్రేసబిలిటీ, అంటే సరుకు ఏ చెరువు నుంచి వచ్చిందో వెనక్కి వెతికి చూపించగలగడం. అమెరికా 2018 చివరి నుంచి దిగుమతి రొయ్యలకు ఎక్కడ పెంచారో, ఎప్పుడు పట్టారో వివరాలు చూపించాలన్న నియమం తెచ్చింది. యూరప్ మన సాగు రొయ్యల కన్సైన్‌మెంట్లలో శాంపిల్ తీసి పరీక్షించే వాటాను 2016లో 50 శాతానికి పెంచింది. పట్టుబడికి ముందే, మందుల అవశేషాలు కనిపెట్టే ఎలైసా ల్యాబ్‌లో పరీక్ష చేయించిన సర్టిఫికెట్ కావాలి. మేము ఆ పరీక్ష ఫలితాన్ని లాట్ నంబరు పుట్టడానికి షరతుగా పెట్టాం. రిపోర్టు రాకపోతే యాప్ లాట్ తెరవదు. ఇప్పుడు మాక్ రీకాల్ (సరుకు వెనక్కి రప్పించే రిహార్సల్) చేస్తే కార్టన్ మీది కోడ్ నుంచి చెరువు దాకా వెళ్లడానికి నిమిషాలు చాలు. కంటైనర్ దెబ్బ తిన్న రోజుల్లో మాకు లేనిది అదే.

పనిచేయనివి

చెరువులో ఆక్సిజన్ సెన్సార్లు పెట్టి చూశాం. కొద్దిరోజులకే నాచు పట్టి తప్పుడు రీడింగులు ఇచ్చేవి. వాటిని శుభ్రం చేయడం ఎవరి పనో తేల్చకుండా పెట్టడం మా పొరపాటు. ఫొటో తీస్తే కౌంట్ చెప్పే యాప్ కూడా ప్రయత్నించాం. ఒకదాని మీద ఒకటి పడిన రొయ్యలను అది సరిగా లెక్కపెట్టలేకపోయింది. బ్లాక్‌చెయిన్ అమ్ముతామని వచ్చినవాళ్లను నేనే వద్దన్నాను. రాసిన రికార్డును తర్వాత ఎవరో మారుస్తున్నారన్నది మా సమస్య కాదు. మొదటిసారి రాసేటప్పుడే తప్పు రాస్తున్నాం. దానికి మందు గట్టు మీద నిలబడిన మనిషి, అతని చేతిలోని తూకం.

ఏజెంట్లను తప్పించాలని కంపెనీలో కొందరు అన్నారు. యాప్ ఉంది కదా, కమీషన్ మిగులుతుంది అని. నేను ఒప్పుకోలేదు. సీజన్ మొదట్లో మేతకు అప్పు ఇప్పించేది ఏజెంటు. రాత్రి ఏరియేటర్ ఆగిపోతే మెకానిక్‌ను పట్టుకొచ్చేదీ ఆయనే. వాళ్ల పేరు మీదే లాగిన్ ఇచ్చి, లాట్ ముగిసిన మూడో రోజుకు కమీషన్ అకౌంట్‌లో వేశాం. ముందు నెలల తరబడి తిరిగితే గానీ వచ్చేది కాదు. అందరికన్నా ముందు యాప్ నేర్చుకున్నది వాళ్లే.

అన్నిటికన్నా కష్టమైన వాదన డేటా గురించి జరిగింది. ఏ చెరువు ఎప్పుడు సిద్ధమవుతుందో మూడు వారాల ముందే తెలిస్తే రైతు అవసరం కూడా తెలుస్తుంది. ఎవరు ఆగలేరో చూసి వాళ్ల ధర తగ్గించవచ్చని ఒక సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. అది మోసం అని నేను అన్నాను. రైతు ఒక్కసారి గమనిస్తే మళ్లీ మనల్ని చెరువులో వల వేయనివ్వడని, అప్పుడు శనివారం పట్టికే ఉండదని కూడా చెప్పాను. యజమాని రెండు వారాలు ఆలోచించారు. చివరికి ధర నిర్ణయించేవాళ్లకు చెరువు వివరాలు కనబడకుండా యాప్‌లో అడ్డుకట్ట వేయించారు. ఈ నిర్ణయం కాగితం మీద, కోడ్‌లో రెండుచోట్లా ఉండాలని నేను పట్టుబట్టాను. మంచి మనసు మీద ఆధారపడితే ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చాక ఏమవుతుందో చెప్పలేం.

2025 ఆగస్టు

భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్య మీద యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ సబ్సిడీ ఉందని వేసే) సుంకాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఆ వారం ఫోన్లు ఆగలేదు. గట్టు మీద ధరలు పడిపోయాయి, కొత్తగా సీడ్ వేయాలా వద్దా అని రైతులు అడుగుతుంటే ఏం చెప్పాలో తోచలేదు. మా పట్టిక ఆ దెబ్బను ఆపలేదు. ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఆపలేదు.

అది చేయగలిగింది ఒకటుంది. పరీక్ష రిపోర్టులు, ఎన్‌రోల్‌మెంట్ అన్నీ సరిగా ఉన్న చెరువులు ఏవో అప్పటికే తెలుసు కాబట్టి వాటిని యూరప్ ఆర్డర్లకు కేటాయించాం. తలతో ఉన్న రొయ్య అడిగే చైనా మార్కెట్‌కు ఏ కౌంట్ సరిపోతుందో చూసి ఆ చెరువులను విడదీశాం. ఏ సరుకు ఎటు పోవాలన్నది పట్టుబడికి ముందే నిర్ణయమైపోయేది. పాత పద్ధతిలో అయితే అంతా అమెరికా ప్యాకింగ్‌లో గడ్డకట్టించి, తర్వాత ఎవరు కొంటారా అని ఎదురుచూసేవాళ్లం. కనీస ధర హామీ ఇచ్చిన చెరువుల దగ్గర కంపెనీకి నష్టం వచ్చింది. ఒక్క హామీ కూడా వెనక్కి తీసుకోలేదు. అలా తీసుకోనందుకు యజమానిని నేను గౌరవిస్తాను.

ఇంకా తెగని విషయం ఒకటి మిగిలింది. మా దగ్గరి చెరువుల్లో చాలావరకు కౌలువి. ఎన్‌రోల్‌మెంట్ చాలాచోట్ల భూమి యజమాని పేరు మీద ఉంటుంది, రాత్రింబగళ్లు కాపలా కాసేది కౌలు రైతు. ఐదేళ్లు మచ్చ లేకుండా పండించినా ఆయన పేరు మీద చరిత్ర అంటూ ఏమీ ఉండదు. చెరువు మారితే మళ్లీ మొదటి నుంచి. గత సీజన్ నుంచి మేము పట్టుబడి అయ్యాక కౌలు రైతు పేరు మీదే ఒక కాగితం ఇస్తున్నాం. సీడ్ వేసిన తేదీ, కౌంట్, దిగుబడి, పరీక్ష ఫలితం, అందిన డబ్బు, అన్నీ తెలుగులో. దాన్ని ఆయన బ్యాంకుకు చూపించుకోవచ్చు, ఇంకో కంపెనీకైనా చూపించుకోవచ్చు. ఆ చివరి మాట దగ్గర మా సేల్స్ వాళ్లు ఇప్పటికీ నాతో వాదిస్తూనే ఉన్నారు.

మొన్న ఆకివీడు వైపు ఒక చెరువు దగ్గరికి వెళ్లాను. మోటారు షెడ్డులో స్విచ్ బోర్డు పక్కన మేకుకు ఆ కాగితం తగిలించి ఉంది, తడవకుండా లామినేషన్ చేయించి. పట్టుబడి తేదీ పక్కన మేము ప్రింట్ చేయనిది ఒకటి ఆయనే పెన్నుతో రాసుకున్నాడు: బహుళ సప్తమి.